తాటి బెల్లానికి బల్లి కొటేషన్

పెళ్లి గోరింటాకు ఇంకా గోళ్ల నిండా ఎర్రగా ఉండగానే కుందనకి ఆఫీసులో కొత్త బాధ్యత వచ్చిపడింది. ఆమె చదువుని చూసి ఇచ్చింది కాదది. రాష్ట్ర తాటి ఉత్పత్తుల ప్రోత్సాహక సంస్థ ప్రధాన కార్యాలయం మొత్తం మీద, మధ్యాహ్నం క్యారియర్ మూత తీసే ముందు ఫోనుకేసి చూసి నవ్వుకునే ఉద్యోగి ఆమె ఒక్కతే. ఫోనుతో అంత సఖ్యత ఉన్న మనిషికి డిజిటల్ విషయాల్లో ప్రవేశం లేకుండా ఉంటుందా అని మేనేజింగ్ డైరెక్టర్ పరాంకుశం గారు తర్కించారు.

ఆ ఫోనులో నిజానికి కనపడేది గౌరీశంకర్. కుందన మొగుడు. పాలకొండ జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. ఆమె విజయవాడలో, అతను పాలకొండలో; మధ్యలో ఒక రాత్రంతా నడిచే రైలు, ఆ తర్వాత ఒక బస్సు. రోజూ తను వండుకున్న కూర ఫొటో తీసి పంపేవాడు. మొక్కల గురించి అంత తెలిసిన మనిషి బెండకాయని అలా ఎలా మాడుస్తాడో కుందనకి అంతుపట్టేది కాదు. మాడిన ప్రతి బెండకాయకీ ఆమెకి అతను ఇంకాస్త ముద్దొచ్చేవాడు.

భార్యాభర్తల కేసు కింద శ్రీకాకుళం జిల్లా ఆఫీసుకి బదిలీ అడుగుతూ ఆమె పెట్టుకున్న అర్జీ పరాంకుశం గారి బల్ల మీద, పేపర్ వెయిట్ కింద, సుఖంగా ఉంది.

"చూడమ్మా," అన్నారాయన ఆమెని పిలిపించి. "నేను ఢిల్లీ సదస్సుకి వెళ్లొచ్చాను. ప్రపంచం అంతా పే పర్ క్లిక్ అంటోంది. మనం ఇంకా గోడల మీద రాయిస్తున్నాం. ఇకపై తాటి బెల్లం చెట్టు మీంచి కాదు, తెర మీంచి దిగాలి. నువ్వు దింపు. బెల్లం అమ్ముడుపోయిన మర్నాడు నీ బదిలీ మీద సంతకం పెడతాను."

"నాకు ఈ ప్రచారాల పని బొత్తిగా కొత్తండీ."

"సంస్థకి కూడా కొత్తే. ఇద్దరూ కలిసి నేర్చుకోండి."

కుందన ఆదివారమంతా వీడియోలు చూసి నేర్చుకుంది. విషయం ఆమెకి భలే నచ్చింది. ఎవరో ఎక్కడో ఫోనులో ఒక మాట టైపు చేసి వెతుకుతారు. ఆ మాట మీద మనం వేలం పాడి ఉంటే, పైన మన ప్రకటన కనపడుతుంది. చూసినందుకు డబ్బు లేదు. వేలు పెట్టి నొక్కితేనే మనకి ఖర్చు. ఎక్కువ పాడినవాళ్ల ప్రకటన పైకి వస్తుంది. చేపల వేలం లాంటిదే, వాసన ఉండదు.

సోమవారం కొనుగోళ్ల కమిటీ ముందు ఇదే చెప్పింది. కమిటీ అంటే పరాంకుశం గారు, ఆర్థిక సలహాదారు వామనమూర్తి గారు, సూపరింటెండెంటు రత్నమాంబ గారు. మొదటి ఇద్దరూ మాట్లాడతారు, మూడో ఆవిడ మినిట్స్ రాస్తారు.

వామనమూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన అలా తుడుచుకున్నాక ఏ ఫైలూ మునుపటిలా ఉండదని ఆఫీసులో పేరు.

"ఎక్కువ పాడినవాడికి ఇస్తారన్నావు?"

"అవునండీ."

"ప్రభుత్వ సొమ్ముతో ఎక్కువ పాడమని ఏ రూలు చెబుతోంది? గుండుసూది కొనాలన్నా మూడు కొటేషన్లు పిలిచి, పోలిక పట్టిక తయారుచేసి, అందులో కనిష్ఠ ధరని ఆమోదించాలి. క్లిక్కు గుండుసూది కంటే గొప్పదా?"

"కాదండీ. కానీ ఇక్కడ కొనేది మాటని. మనకి కావలసిన మాట తాటి బెల్లం."

"ఒక్క మాటతో పోలిక ఎలా వస్తుంది? మూడు మాటలు తీసుకురా. వాటిలో ఏది చవకైతే అది కొందాం."

కుందన తన సీటుకి తిరిగొచ్చి పట్టిక గీసింది. తాటి బెల్లం అన్న మాట మీద క్లిక్కుకి అడిగే ధరలో రెండు టీలూ ఒక సమోసా వస్తాయి. ఆర్గానిక్ బెల్లం అంటే ఏకంగా టిఫినే వస్తుంది. మూడోది ఏం రాయాలో తోచక కలం కొరుక్కుంటూ కూర్చుంది.

"మూడోది ఎప్పుడూ లాంఛనమేనే పిల్లా," అన్నారు రత్నమాంబ గారు. "నా సర్వీసులో కుర్చీలకి మూడో కొటేషను పూలకొట్టు వాడి దగ్గర తెప్పించాం. ఏదో ఒకటి రాసి..."

ఆ మాట పూర్తికాకుండానే ట్యూబులైటు వెనక నుంచి ఒక బల్లి టప్పున ఆవిడ భుజం మీద పడింది. ఆవిడ కేక విని క్యాషియరు ఇనప్పెట్టెకి తాళం వేశాడు. బల్లి తన దారిన తను పోయాక రత్నమాంబ గారు భుజం పట్టుకుని, "ముందా ఫోనులో చూడవే, కుడి భుజమ్మీద పడితే ఏమిటంటా?" అన్నారు.

కుందన 'బల్లి మీద పడితే' అని టైపు చేసింది. ఫలితాలు కుప్పలుగా వచ్చాయి. ప్రకటన మాత్రం ఒక్కటీ లేదు. కుతూహలం కొద్దీ ఆ మాటకి ధర ఎంతో చూసింది. బస్సులో కండక్టరు చిల్లర లేదంటే మనం వదిలేసేటంత. మూడోది లాంఛనమే కదా అని పట్టికలో అదే రాసేసింది.

మర్నాడు కమిటీ ఆమోదించింది. బల్లినే.

"సార్," అంది కుందన, "అది బల్లండీ."

"చదివాను."

"మనం అమ్మేది బెల్లం."

"అమ్మా, వస్తువు ఏమిటన్నది ఈ కమిటీ పరిధిలోకి రాదు," అన్నారు వామనమూర్తి గారు, చిన్నపిల్లకి లెక్క చెప్పినంత ఓపిగ్గా. "ధర వస్తుంది. ధర ప్రకారం బల్లిది మొదటి స్థానం. దాన్ని కాదని ఖరీదైన మాట కొంటే రేపు ఆడిట్ వాళ్లు బల్లిని ఎందుకు తిరస్కరించారని అడుగుతారు. నువ్వు చెబుతావా సమాధానం?"

ప్రకటన వాక్యం కూడా కమిటీయే ఖరారు చేసింది: 'ఇందుమూలముగా యావన్మంది ప్రజానీకమునకు తెలియజేయునది ఏమనగా, స్వచ్ఛమైన తాటి బెల్లము సరసమైన ధరకు లభించును.' దాని పక్కన సంస్థ ముద్ర, తాటిచెట్టు బొమ్మ, ఫోను నంబరు.

ఆ సాయంత్రం కుందన ఫోనులో అంతా చెప్పింది.

"బల్లేటి కుందనా?" అన్నాడు గౌరీశంకర్.

"నవ్వకండి. నా బదిలీ ఇప్పుడు ఒక బల్లి మీద ఆధారపడి ఉంది."

"మన కాపురం బల్లి చేతిలో పెట్టీసేవన్నమాట."

"చేతిలో కాదు, కాళ్లలో. నాలుగున్నాయి కదా, ఏదో ఒకటి కలిసొస్తుంది."

ఇద్దరూ ఎంతసేపు నవ్వారంటే అటు స్టవ్వు మీద దొండకాయ కూడా మాడింది.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికే ఫోను మోగుతోంది.

"తెనాలి నుంచమ్మా. మా ఆయన నెత్తిన బల్లి పడింది. ఏమిటా అని చూస్తే మీ బెల్లం వచ్చింది. ఎంత తినిపించాలి?"

"అయ్యో, తినిపించక్కర్లేదండీ. దానికీ దీనికీ సంబంధం లేదు."

"సంబంధం లేకుండా గవర్నమెంటోళ్లు పెడతారా? నాకు తెలీదనుకున్నావా? నెత్తి మీద కాబట్టి రెండు కేజీలు పంపించు. పోయినేడు మోకాలి మీద కూడా పడిందిలే, దానిక్కూడా కలిపి ఇంకో కేజీ వెయ్యి."

ఆవిడ పెట్టేసేసరికి ఇంకొకరు. ఎడమ చెయ్యి, అరకేజీ చాలునా? ఇంకొకాయన గొంతు తగ్గించి, బల్లి తన మీద పడలేదనీ, తన షావుకారు మీద పడిందనీ, బెల్లం ఎవరు తినాలనీ అడిగాడు. ప్రతి ఒక్కరికీ కుందన నిజమే చెప్పింది: ఇది మామూలు తాటి బెల్లం, కాఫీలో వేసుకుంటే బావుంటుంది, బల్లికి దీనితో ఏ పేచీ లేదు. ఎంత గట్టిగా కాదంటే అంత ఎక్కువ పంపమన్నారు. సర్కారువాళ్లు పైకి ఒప్పుకోరని జనానికి అనుభవం.

గోడౌనులో ఏళ్ల తరబడి చీమల సంరక్షణలో ఉన్న బస్తాలు ఒక్కొక్కటే లేచి లారీ ఎక్కాయి.

పరాంకుశం గారి ఆనందానికి హద్దు లేదు. సమీక్షా సమావేశం పెట్టి గోడకి రాష్ట్ర పటం తగిలించారు. జిల్లా మేనేజర్లందరికీ వర్తమానం వెళ్లింది: 'మీ పరిధిలో నెలకు సగటున ఎన్ని బల్లులు పడుచున్నవి, ఎన్ని పడకున్నవి, పడకుండుటకు గల కారణములు, నివారణోపాయములు తెలియజేయవలెను.' ఒక మేనేజరు తన జిల్లాలో బల్లులు తగినన్ని ఉన్నాయనీ, అయితే గోడల్ని అంటిపెట్టుకుని ఉండటంలో మొండితనం చూపుతున్నాయనీ రాశాడు. అతని సంజాయిషీ కోరారు. సంస్థ భవనాలకి సున్నం కొట్టించే పని నిరవధికంగా ఆపేశారు. బల్లిని చీపురుతో అదిలించిన ఉద్యోగి మీద క్రమశిక్షణ చర్య తప్పదని సర్క్యులరు వచ్చింది. రత్నమాంబ గారు తలకి తువ్వాలు చుట్టుకుని ఆ సర్క్యులరు టైపు చేశారు.

లారీలు కదులుతున్న ఊపులో కుందన కొత్త కాటన్ చీర కట్టుకుని మేనేజింగ్ డైరెక్టరు గదిలోకి వెళ్లింది.

"సార్, బెల్లం అమ్ముడుపోయిందండీ. నా బదిలీ..."

"అమ్ముడుపోయింది కాబట్టే పంపలేనమ్మా," అన్నారాయన ఎంతో ఆప్యాయంగా. "బల్లి విషయంలో నీ అంత అనుభవం ఉన్న అధికారి ఈ రాష్ట్రంలో లేరు. నిన్ను వదులుకుంటే చరిత్ర నన్ను క్షమించదు."

"ఓడిపోతే పంపరు, గెలిస్తే పంపరు. మరి ఎప్పుడు పంపుతారండీ?"

"ఆ మాట విధివిధానాల్లో లేదు."

కుందన బయటికొచ్చి గౌరీశంకర్‌కి ఫోను చేసింది. ఈసారి నవ్వు రాలేదు. "ఇంత బాగా చెయ్యకుండా ఉండాల్సిందండీ," అంది ముక్కు ఎగబీలుస్తూ.

"నీకు బాగా చెయ్యకపోవడం రాదు కదా," అన్నాడతను. "నాకు కూర వండడం రానట్టే."

ఈలోగా కొత్త ముచ్చట మొదలైంది. బల్లి మీద ఇంత బేరం ఉందని బయట అందరికీ తెలిసిపోయింది. రుద్రాక్షలవాళ్లు, జాతకాలవాళ్లు, తేనెవాళ్లు, ఆఖరికి గోడల రంగులవాళ్లు కూడా ఆ మాట మీద పాడటం మొదలుపెట్టారు. క్లిక్కు ధర చిల్లర నుంచి టీకి, టీ నుంచి ఇడ్లీకి ఎక్కింది.

వామనమూర్తి గారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"బల్లి ఇప్పుడు కనిష్ఠం కాదు. మార్చాలి."

"సార్, ఒక క్లిక్కుకి ఇడ్లీ ఖర్చవుతున్నా మనకి బెల్లం మీద భోజనమంత మిగులుతోందండీ!"

"అమ్మా, నీకింకా సర్వీసు తక్కువ. ఎక్కువ ధర పెట్టి లాభం తెస్తే దానికి జవాబు చెప్పాలి. రూలు ప్రకారం నష్టం తెస్తే ఎవరూ ఏమీ అడగరు."

అలా బల్లి పోయి తొండ వచ్చింది. తొండ ఎవరి మీదా పడదు కాబట్టి దాని గురించి వెతికేవాళ్లు తక్కువ. ఎవరో బడిపిల్లలు వెతికి, బెల్లం చూసి, పొరపాటున నొక్కేవారు. ఆ నాలుగు నొక్కుళ్లకైన ఖర్చు కూడా వామనమూర్తి గారిని బాధించింది. ఇంకా చవకైన మాట కావాలన్నారు. కమిటీ ఇప్పుడు రోజూ కూర్చుంటోంది. పరాంకుశం గారు స్వయంగా మాటలు కనిపెట్టసాగారు. నత్తగుల్ల వ్యాకరణం. చింతచెట్టు పింఛను. ముక్కుపుడక వాతావరణం. ఈ చివరి మాటని భూమ్మీద ఏ మనిషీ ఏ అవసరానికీ వెతకలేదని, ఇక ముందు వెతికే ప్రమాదం కూడా లేదని తేలింది.

దాన్ని ఆమోదించారు.

నెల తిరిగింది. క్లిక్కులు సున్నా. ఖర్చు సున్నా.

వామనమూర్తి గారు ఆ లెక్కల కాగితం పట్టుకుని కళ్లజోడు తీశారు. ఆయన కంట తడి చూశామని తర్వాత రత్నమాంబ గారూ, క్యాషియరూ విడివిడిగా ధ్రువీకరించారు. "నా సర్వీసు మొత్తంలో ఖర్చు లేని పథకం చూడటం ఇదే మొదలు," అన్నారాయన.

"సార్, ఎవరూ చూడట్లేదండీ," అంది కుందన. "కొత్తగా తెప్పించిన బస్తాలన్నీ గోడౌనులోనే ఉన్నాయి. అక్కడ చోటు చాలక రికార్డు రూములో కూడా వేస్తున్నారు."

"అదే కదమ్మా విశేషం. ఎవరూ చూడటం లేదు కాబట్టే ఖర్చు లేదు."

పైనుంచి అభినందన లేఖ వచ్చింది. ఈ విధానాన్ని అన్ని శాఖలకీ నేర్పడానికి 'క్లిక్కు రహిత ప్రచార విభాగం' పెట్టమన్నారు. బాధ్యురాలు కుందన. కాలపరిమితి శాశ్వతం. ఆ మాట ఆమె రెండుసార్లు చదివింది. శాశ్వతంగా విజయవాడ; శాశ్వతంగా ఫోనులో బెండకాయ.

"విభాగానికి గది కావాలి," అన్నారు పరాంకుశం గారు. "ఇక్కడ ఖాళీ లేదు, ఉన్న గదుల్లో బెల్లం ఉంది. బయట అద్దెకి తీసుకుందాం."

"మూడు కొటేషన్లు," అన్నారు వామనమూర్తి గారు, అలవాటుగా.

కుందన తల ఎత్తింది. ఆ రెండు మాటలూ ఆమె అంతకుముందు ఎన్నోసార్లు విన్నవే. ఈసారి మాత్రం పెళ్లి మంటపంలో సన్నాయి మోగినట్టు వినపడ్డాయి.

"నేను తెస్తానండీ," అంది.

తెచ్చింది. మొదటిది విజయవాడలో బెంజి సర్కిలు దగ్గర, లిఫ్టున్న మేడలో. రెండోది విశాఖపట్నంలో, కిటికీలోంచి సముద్రం కనపడే గది. మూడోది పాలకొండలో విత్తనాల కొట్టు మీద, కిటికీలోంచి ఎదురు గోడ కనపడే గది. పోలిక పట్టికని ఆమె ఎంత అందంగా గీసిందంటే రత్నమాంబ గారు చదివి, చదివి, కళ్లజోడు పైనుంచి ఆమె మొహంలోకి చూసి, "అమ్మ దొంగా!" అన్నారు నెమ్మదిగా. పట్టికని ఆవిడే ఫైల్లో కట్టేశారు.

"పాలకొండా?" అన్నారు పరాంకుశం గారు. "అంత దూరమా? అదెలా కుదురుతుంది?"

"స్థలం ఎక్కడన్నది కమిటీ పరిధిలోకి రాదనుకుంటానండీ," అంది కుందన నేల చూపులు చూస్తూ. "ధర వస్తుంది."

వామనమూర్తి గారు ఆమెకేసి మొదటిసారి గౌరవంగా చూశారు. "ఈ అమ్మాయికి రూలు పట్టుబడింది," అన్నారు. సంతకం పెట్టేశారు. ఆయన పెట్టాక మేనేజింగ్ డైరెక్టరు కూడా పెట్టాల్సి వచ్చింది.

పాలకొండ గదిలో ఫోనుకి సిగ్నలు రాదు. క్లిక్కు రహిత ప్రచారానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. కింద కొట్లో వరి విత్తనాలు కొలుస్తున్న చప్పుడు, గాలికి వేరుశనగ పొట్టు వాసన. ఒంటి గంటకి కాలేజీ బెల్లు కొట్టగానే గౌరీశంకర్ మెట్లెక్కి వచ్చేవాడు. కుందన క్యారియర్ విప్పి పప్పుచారూ, మాడని బెండకాయ వేపుడూ వడ్డించేది. అతను ఒక్కో ముక్కా ఎత్తి పట్టుకుని, క్లాసులో మొక్క భాగాలు చూపించినట్టు, "ఇది ఆకుపచ్చ. అంటే దీన్ని ఇలాగే వండాలన్నమాట," అనేవాడు. ఇంత చిన్న గదిలో ఇంత సుఖం ఎలా పట్టిందా అని ఆమెకి రోజూ ఆశ్చర్యమే.

అలా ఒక శుక్రవారం భోజనాల వేళ పరాంకుశం గారి నుంచి ఉత్తరం వచ్చింది. 'పాలకొండ గది అద్దె పరిశీలించిన మీదట, ప్రధాన కార్యాలయమును సైతం అదే భవనములోని మిగిలిన గదులలోనికి తరలించుట లాభదాయకమని భావించడమైనది. అద్దె వివరములు వెంటనే పంపవలెను. అధికారులందరూ మీ గది పక్కనే ఉండగలరని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను.'

కుందన చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి కిందికి పరిగెత్తింది. ఇంటి ఓనరు పోలినాయుడు గారు విత్తనాల బస్తాకి కుట్టు వేస్తున్నారు.

"బాబాయ్ గారూ, మిగతా గదుల అద్దె సంగతి మాట్లాడాలి."

"ఎక్కువైపోనాదేటమ్మా? తగ్గించమంటావా?"

"కాదు. పెంచండి."

ఆయన చేతిలో దబ్బనం ఆగిపోయింది. "ఏటీ?"

"పెంచి, కాగితం మీద రాసి ఇవ్వండి. బెంజి సర్కిలు కంటే ఒక్క రూపాయైనా ఎక్కువుండాలి. నా గదికి మాత్రం పెంచకండేం."

"అంతిచ్చి ఎవులొస్తారమ్మా?"

"ఎవరూ రారు. అదే కావాలి."

పోలినాయుడు గారు ఆమె ఒట్టి కాళ్లకేసి, గోళ్ల చివరి ఎరుపుకేసి, మెట్ల మీద క్యారియర్ పట్టుకుని నిలబడ్డ లెక్చరరు గారికేసి ఒకసారి చూశారు. ఏం అర్థమైందో ఏమో, దబ్బనం బస్తాకి గుచ్చి, కాగితం తీసి అంకె వేశారు. వేసి, చూసుకుని, ఇంకో సున్నా చేర్చారు.

"ఇంక భయపడకమ్మా," అన్నారు కాగితం ఆమె చేతికిస్తూ. "నీ లాంటి అద్దెకున్నోలు నాకు ముందే తగిలుంటే, ఈపాటికి మూడో అంతస్తు లేపీసేవోణ్ని."